ఆ కూత వినలేదని రాయి

రైలుకట్ట పక్క మేడ,
చలి మొదలైన వారం

చిరంజీవి అచ్చుతప్పుకి,

బావ ఆశీస్సులు. నిన్ను ఇలా పిలిస్తే మీ అక్కకి కోపం వచ్చేది. కానీ ప్రూఫులు దిద్దడమే బతుకుతెరువైనవాడు పోయిన నెల మన రైలు అభిమానుల పత్రిక ‘పట్టాల కబుర్లు’లో ‘పాత ఇంజన్లు’ అనాల్సిన చోట ‘పాత ఇంజక్షన్లు’ అని వదిలేస్తే ఇంకేమని పిలవాలి? పత్రిక తెప్పించుకునేది వందమందే. ఆ వందమందీ నాకే ఉత్తరాలు రాసినట్టున్నారు, కళ్ళద్దాల కొట్టువాడి బావమరిదికి కళ్ళద్దాలు లేవా అని.

ముందు రైళ్ళ సంగతి. మధ్యాహ్నం గూడ్సుకి ఇప్పుడు రెండు కొత్త కరెంటు ఇంజన్లు జంటగా కడుతున్నారు. రంగు బాగుంది గానీ ముఖమేదో వీపేదో తెలియదు. నా పెళ్ళయిన కొత్తలో మనిద్దరం భోజనాల దగ్గర్నించి జారుకుని చూడబోయిన ఆ పాత డీజిల్‌ని ముక్కలు చేయడానికి తోలుకుపోతున్నారని ఎవరో అన్నారు. చూశాక రాస్తాను. విన్నది వార్త కాదు, కన్నదే వార్త. ఆ నియమం పెట్టినవాణ్ణి నేనే కదా.

మీ అక్క అలాగే ఉంది. కుడివైపు కదలిక లేదు, మాట రాలేదు. డాక్టరు ఓపిక పట్టమంటాడు. ఆయనకి వేరే మందు తెలియనట్టుంది. మంచాన్ని రైలుకట్ట వైపు కిటికీ దగ్గరికి జరిపాను. ఎడమచెయ్యి లేస్తోంది. నేను లేపమంటే లేవదు, డాక్టరు లేపమంటే లేవదు. మరి ఎప్పుడు లేస్తుందో చెప్తాను, నమ్ము.

సాయంత్రం ప్యాసింజరు మన ఇంటి ముందు వంపు తిరుగుతుంది కదా. కొన్ని నెలలుగా ఆ బండి డ్రైవరు సరిగ్గా మన కిటికీ ఎదురుగా వచ్చేసరికి కూత వేస్తున్నాడు. రెండు పొట్టివి, ఒక పొడుగు. ఆ పొడుగు కూతకి మీ అక్క చెయ్యి లేస్తుంది. బండి వంపు దాటేదాకా దింపదు. ఆ మహానుభావుడెవరో, ఈమెని ఎలా చూశాడో, ఎందుకు వేస్తున్నాడో నాకు తెలియదు. నేను ఆ వేళకి మేడమీద దుర్భిణీ పట్టుకుని ఉంటాను, ఇంజన్ నంబరు చూసుకోవాలి కదా. నంబరు చూసి, ఒక్క పరుగున కిందికి వచ్చి చెయ్యి చూస్తాను.

జబ్బు చేయకముందు మీ అక్క కూడా ఆ వేళకే ఆరిన బట్టలు తీయడానికి మేడెక్కేది. బండి వెళ్ళాక, “ఏ నంబరే?” అంటే, “చూడలేదు” అనేది. “మరి అంతసేపు కళ్ళప్పగించి ఏం చూశావే?” అంటే నవ్వి, బట్టలు భుజాన వేసుకుని దిగిపోయేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకి నేను నేర్పలేకపోయిన విద్య అదొక్కటే.

ఈ సంగతి పత్రికలో వేయాలనిపిస్తే వేయి. ఊరూ బండీ నంబరూ మాత్రం వద్దు.

నీ దుర్భిణీ బావ

*

ప్రెస్సు వెనక గది,
నెల చివర

దుర్భిణీ బావకి నమస్కారాలు.

కూత సంగతి వేశాను. మా ప్రెస్సు యజమాని మన పత్రికని ఇన్నాళ్ళూ కాగితం దండగ అనేవాడు కదా, ఈసారి నిలబడి చివరిదాకా చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, “పర్లేదు” అన్నాడు. ఆయన నోట్లోంచి ఆ మాట రావడం అంటే మామూలు విషయం కాదు. ఉత్తరాలు కూడా బాగా వచ్చాయి. ఒకాయన ఆ డ్రైవరుకి దణ్ణం పెట్టమన్నాడు. ఇంకొకాయన కూత ఎన్ని సెకన్లు ఉంటుందో అడిగాడు. మనవాళ్ళు మనవాళ్ళే.

ఒక్క ఉత్తరం మాత్రం తేడాగా ఉంది. సంతకం ‘ముక్కుసూటి’ అని, చిరునామా లేదు. ఈ నెల అది కూడా వేశాను. పత్రిక నీకు అందేలోపు నేనే చెప్పడం మంచిది. ఆయన అంటాడు కదా: “ఊరు లేదు, బండి లేదు, నంబరు లేదు, కూత మాత్రం ఉంది. కన్నదే వార్త అని గొంతు చించుకునే పత్రికలో ఇలాంటి కట్టుకథలా? ఈ నియమం పెట్టిన పెద్దమనిషి దీనికి ఏమంటారో వినాలని ఉంది. లేక రాసినవారు ఆయనేనా?”

నవ్వి ఊరుకో బావా. లోకో భిన్నరుచి. రక్తపోటు మాత్ర వేసుకుని మరీ చదువు.

వచ్చే నెల అక్కని చూడ్డానికి వస్తాను. పోయిన నెల కూడా ఇదే రాశానని నాకు గుర్తుంది, నువ్వు గుర్తు చేయక్కర్లేదు.

అచ్చుతప్పు

*

రైలుకట్ట పక్క మేడ,
నీ ఉత్తరం అందిన రోజే

ఒరేయ్,

నవ్వి ఊరుకోవాలా? నేనా? కట్టుకథ అన్నాడు! నేను చూడని ఇంజన్‌ని చూశానని ఒక్కసారైనా రాశానా? జ్వరంలో ఉండి నాలుగో అంకె సరిగా కనిపించలేదని ఒక నంబరు సగమే పంపినవాణ్ణి నేను. అలాంటివాణ్ణి పట్టుకుని, అదీ పేరు చెప్పుకునే ధైర్యం లేనివాడు!

ఈ కింద రాసింది రాసినట్టు వేయి. ఒక్క అక్షరం తీసేశావో, నువ్వు నా బావమరిదివి కాదు.

“ముక్కుసూటి గారికి. బండి, సాయంత్రం ప్యాసింజరు. ఇంజన్ నంబరు 4417, తయారై పద్దెనిమిదేళ్ళు, రంగు వేసి రెండేళ్ళు. చోటు, రైలుకట్ట వీధి దగ్గరి వంపు. అక్కడ ఆస్పత్రి ఉన్నందున ‘కూత నిషేధం’ అని బోర్డు ఉంది. మెయిలు గానీ గూడ్సు గానీ ఏ బండీ అక్కడ నోరెత్తదు. ఈ ఒక్క బండి ఎత్తుతుంది. దీని విశేషం అదే. అంతేకాదు, ఆ డ్రైవరు వంపులో బండిని మామూలుకన్నా నెమ్మదిస్తాడు. దానివల్ల స్టేషనుకి నిమిషం ఆలస్యంగా చేరుతుంది. నేనే వెళ్ళి అక్కడి గడియారంతో సరిచూశాను. పొడుగు కూత ఆరు సెకన్లు. పోయిన నెలలో విన్న తేదీలన్నీ జతచేశాను. ఇక చాలా, లేక డ్రైవరు బొటనవేలి ముద్ర కూడా తెమ్మంటారా?”

వేయి. పెద్ద అక్షరాల్లో వేయి.

బావ

*

ప్రెస్సు వెనక గది,
కొత్త సంచిక పోస్టు చేసిన వారానికి

బావా,

వేశాను. అక్షరం కాదు, కామా కూడా తీయలేదు. బొటనవేలి ముద్ర దగ్గర మా కంపోజిటరు పగలబడి నవ్వాడు. ఆ నిషేధం బోర్డు మాట దగ్గర నా పెన్ను ఒక్క క్షణం ఆగింది గానీ, బావమరిది పదవి ఊడుతుందని భయమేసి ముందుకు పోయాను.

ముక్కుసూటి గారు దిగివచ్చారు. “తమరి కంటికీ చెవికీ నమస్కారం” అని ఒక్క వాక్యం రాసి పంపారు. వచ్చే నెల అది కూడా వేస్తాను. నువ్వు గెలిచావు. అక్కకి చెప్పు.

అచ్చుతప్పు

*

రైలుకట్ట పక్క మేడ,
ఎండ ముదురుతున్న రోజులు

చిరంజీవికి,

ఈసారి ఇంజన్ కబుర్లు లేవు. కూత ఆగిపోయింది.

బండి వస్తోంది. ఇంజన్ అదే, నేను చూశాను. వంపులో నెమ్మదించదు, నోరు విప్పదు. మీ అక్క వేళకి కిటికీ వైపు చూస్తూ ఉంటుంది. బండి పోయి, చప్పుడు కూడా పోయాక, ఇటు తిరిగి నన్ను చూస్తుంది. ఏమైందని అడగడానికి ఆమెకి మిగిలింది ఆ చూపొక్కటే. డ్రైవరు సెలవులో ఉన్నాడేమో అన్నాను. వారం అయ్యాక ఆ మాట నాకే నమ్మకంగా వినిపించలేదు.

తరవాత చేసింది నీకు చెప్పకూడదనుకున్నాను. కానీ నీకు కాక ఇంకెవరికి చెప్పను? పోయిన చలికాలంలో ఆ కూతని నేను రికార్డు చేసి దాచుకున్నాను. స్పీకరు కిటికీ కింద, బయటి గట్టు మీద పెట్టాను. బండి వంపు తిరిగే సమయానికి చూసి మీట నొక్కాను. రెండు పొట్టివి, ఒక పొడుగు, అచ్చం అదే. చెయ్యి లేవలేదు. ఆ రికార్డులో కూత వెనకాల మన కుక్క మొరుగు కూడా ఉంది, నేను మరిచిపోయాను. మంచం కింద పడుకున్న ఆ కుక్క తన గొంతు తనే విని దిగ్గున లేచి, ఇంకో కుక్క ఎక్కడుందా అని గదంతా వెతికింది. మీ అక్క కుక్కని చూసింది. నన్ను చూసింది. ముఖం గోడవైపు తిప్పేసుకుంది. ఆ పూట నా చేత్తో పాలు తాగలేదు.

నాకు సిగ్గేసింది రా. నలుగురిలో పంచె ఊడినా ఇంత సిగ్గు పడేవాణ్ణి కాదు. ఇల్లు పట్టించుకున్నవాణ్ణి కాను, ఏనాడూ ఆమెని ఒక ఊరు తీసుకెళ్ళింది లేదు. కానీ మోసం చేయలేదని ఒక్క మాట చెప్పుకునేవాణ్ణి. అదీ పోయింది.

మీ ఊళ్ళో పెద్ద యార్డు ఉంది. డ్రైవర్లందరూ అక్కడికి వస్తూ పోతూ ఉంటారు. ఆయనకేమైందో కనుక్కో.

బావ

*

ప్రెస్సు వెనక గది,
అదే వారం

బావకి,

కనుక్కున్నాను. ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు ఆగాను.

డ్రైవరుని లైను మీద నించి తీసేశారు. ఇక్కడి యార్డులో షంటింగ్‌కి వేశారు. అంటే రోజంతా ఖాళీ పెట్టెల్ని ఇటునించి అటూ, అటునించి ఇటూ తోయడమే. విచారణ జరుగుతోంది. నిషేధం ఉన్నచోట కూత, కారణం లేకుండా వేగం తగ్గించడం, బండి ఆలస్యం. ఈ మూడు నేరాలూ పై అధికారికి ఎలా తెలిశాయని అడిగితే, యార్డు గుమాస్తా నవ్వి, “ఎవరో రైలుపిచ్చోళ్ళ పేపరంట. ఆఫీసులో బల్లమీద ఉంది, ఎర్రపెన్నుతో గీతలు గీసి” అన్నాడు.

గుమాస్తా ముందు నిలబడి, ఆ పేపరు ఏంటో నాకు తెలియనట్టు తల ఊపాను.

తప్పు నాది బావా. వేయమన్నది నువ్వైనా, వేయకూడదని తెలియాల్సింది నాకు. ప్రూఫు దిద్దేది అందుకే కదా. నువ్వు మనసు పాడుచేసుకోకు. అక్కకి ఇప్పుడే ఏమీ చెప్పకు.

నీ బావమరిది

*

రైలుకట్ట పక్క మేడ,
మూడోనాడు

చిరంజీవికి,

తప్పు నీదే అని ముందు ఒక ఉత్తరం రాశాను. పెన్ను ఆగిన చోట ఎందుకు ఆగిపోలేదని, నేను కోపంలో అంటే నువ్వు వినాలా అని, ఇంకా చాలా. చించేశాను. ఆ నంబరు రాసిన చెయ్యి నాది. ఊరూ బండీ నంబరూ వద్దని మొదట రాసిందీ నేనే, తరవాత తేదీలతో సహా పంపిందీ నేనే. ఎవడో నమ్మలేదట. వాడు నమ్మకపోతే నాకేం పోయింది? మీ అక్క చెయ్యి లేచేది ముక్కుసూటి నమ్మితేనా?

ఆ డ్రైవరు దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకోవాలి. ఒక్కణ్ణే వెళ్ళే ధైర్యం లేదు. ఆ ముక్కుసూటిని వెతికి పెట్టు. కవరు మీద పోస్టాఫీసు ముద్రైనా ఉంటుంది కదా. నేను వాణ్ణి ఏమీ అనను. నన్ను రెచ్చగొట్టినందుకు వాడికీ కాస్త సిగ్గు ఉండాలి కదా, ఇద్దరం కలిసి వెళ్ళి ఆయన ముందు నిలబడతాం. ఇద్దరు దోషులుంటే తల వంచుకోవడం కాస్త తేలికేమో. పిరికి మాటే. అయినా రాస్తున్నాను.

త్వరగా చిరునామా పంపు.

బావ

*

ప్రెస్సు వెనక గది,
చాలా ఆలస్యంగా

బావా,

ముక్కుసూటి చిరునామా ఇదే. ప్రెస్సు వెనక గది.

అలాంటి మనిషి లేడు. ఆ ఉత్తరం నేనే రాశాను. రెండో పేజీలో అరచేయంత జాగా మిగిలింది, వేయడానికి ఏమీ లేదు. జాగా మిగిలినప్పుడల్లా ఉత్తరాలు నేనే పుట్టిస్తాను. చిన్న పత్రికలన్నిట్లో జరిగేదే ఇది. నిన్ను కాస్త ఉడికిస్తే వచ్చే నెలకి మంచి ఉత్తరం వస్తుందనుకున్నాను. బావని ఆటపట్టించడం నాకు కొత్తా? నీ ఉత్తరం వచ్చాక చెప్పేద్దామనుకున్నాను. కానీ అది ఎంత బాగుందంటే, చెప్తే నువ్వు వెనక్కి తీసుకుంటావని భయపడ్డాను. తమరి కంటికీ చెవికీ నమస్కారం అని రాసిందీ నేనే. అది రాస్తూ నవ్వుకున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నిన్న యార్డుకి వెళ్ళాను, నీకన్నా ముందు నేనే ఒప్పుకుందామని. కంచె బయట నిలబడి, ఆ ప్యాసింజరు డ్రైవరు ఎవరని జెండా పట్టుకున్న మనిషిని అడిగాను. వేలుపెట్టి చూపించాడు.

ఆడమనిషి బావా.

చెవుల పక్క జుట్టు నెరిసింది. షంటింగ్ ఇంజన్ మెట్టు మీద ఒంటరిగా కూచుని టీ తాగుతోంది. మనం రెండు సంచికల్లో ‘ఆయన’ అని వేశాం, ‘మహానుభావుడు’ అని వేశాం. నేను ప్రూఫు దిద్దాను, అన్నీ సరిగానే ఉన్నాయనుకున్నాను. ఆవిడ తలెత్తి నావైపు చూసేసరికి, దారి తప్పి వచ్చినవాడిలా వెనక్కి తిరిగి వచ్చేశాను.

నువ్వు తిడితే నాకు మనసు కాస్త కుదుటపడుతుంది. తిట్టు.

బావమరిది

*

రైలుకట్ట పక్క మేడ,
నీ ఊరు వచ్చి వెళ్ళాక

చిరంజీవికి,

తిడదామని కూచున్నాను. తిట్లు రాలేదు. గాలం వేసింది నువ్వే, కానీ నోరు తెరిచింది నేను.

పక్కింటామెని మీ అక్క దగ్గర కూచోబెట్టి మీ ఊరు వచ్చాను. మీ ఇంటికి రాలేదు, ఏమీ అనుకోకు. ముఖం చెల్లలేదు. తిన్నగా యార్డుకి వెళ్ళాను. రెండు పెట్టెల్ని తోసి ఇంజన్ ఆగింది. నేను ఫలానా అని చెప్పుకున్నాను. ఆవిడ కిందికి దిగలేదు.

“ఆ కిటికీ ఇల్లా?” అంది.

“అవునండి.”

“ఆవిడెలా ఉంది?”

దారి పొడుగునా వల్లించుకున్న క్షమాపణ నోట్లోనే ఉండిపోయింది. “అలాగే ఉందండి” అన్నాను.

“కూత ఏమైందని అడుగుతోందా?”

“ఆమెకి మాట లేదండి.”

“మాట లేకపోతే అడగరా?”

నంబరు రాసి పంపింది నేనేనని, ఎవరో నమ్మలేదన్న రోషంతో రాశానని చెప్పాను.

“తెలుసు. ఆఫీసులో నిలబెట్టి నా చేతే గట్టిగా చదివించారు. ఇంజన్ వయసు రాశారు. రంగెప్పుడేశారో రాశారు. నన్నేమో మహానుభావుడన్నారు.” ఆవిడ నవ్విందనుకున్నాను, నవ్వలేదు. “మేడమీద దుర్భిణీ పెట్టుకుని నిలబడేది మీరే కదా? అందులోంచి నేను మీ ఎదురుగా కూచున్నంత దగ్గరగా కనిపిస్తా. ఒక్కసారైనా పైకి చూడలేదా?”

“నంబరు కింద ఉంటుందండి” అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో నాకు తెలియదు. అది నిజం, అంతే. పక్కనున్న జెండా మనిషి తల తిప్పేసుకున్నాడు. భూమి చీలితే బావుండుననడం వింటూంటాం కదా, యార్డులో కంకర కూడా కదల్లేదు.

“మీ ఆవిడ చూసేది,” అంది. “బట్టలు తీస్తూ చెయ్యి ఊపేది. నాకు లైను ఇచ్చిన కొత్తలో నన్ను చూసి నవ్వినవాళ్ళు చాలామందే, చెయ్యి ఊపింది ఆవిడొక్కతే. ఓరోజు మేడమీద లేదు. ఆ తరవాతా లేదు. ఏమైందో అని బండి నెమ్మది చేసి వెతుక్కున్నా. కింద కిటికీలో మంచం మీద కనిపించింది. బండి ఆపి దిగలేను కదా. అందుకే కూతేశా.”

మళ్ళీ తనే అంది: “ఆడదానికి లైనివ్వడానికి వాళ్ళకి ఏళ్ళు పట్టిందండి. తీసేయడానికి మీ కాగితం ఒక్కటి చాలింది.”

ఇంకేం సాక్ష్యం ఉందని అడిగాను. గార్డు వినలేదన్నాడట. స్టేషను మాస్టరు ఆలస్యం తన గడియారంలో కనిపించలేదన్నాడట. ఆస్పత్రివాళ్ళు అసలు ఫిర్యాదే చేయలేదు. ఆవిడ మంచి కోరినవాళ్ళందరూ ఏమీ వినలేదన్నారు. విన్నానని చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే.

నన్ను ఏదీ చేయమని అడగలేదు. జెండా ఊపగానే పెట్టెల్ని తోసుకుంటూ వెళ్ళిపోయింది.

కాబట్టి ఇది వేయి. మొదటి పేజీలో వేయి, ఒక ప్రతి ఆ అధికారికి పంపు.

“సాయంత్రం ప్యాసింజరు కూత వేస్తుందని నేను రాసింది కల్పితం. అలాంటి కూత నేను వినలేదు. వేగం తగ్గడం, ఆలస్యం కావడం, తేదీలు, అన్నీ పత్రికలో గొప్పకోసం నేను అల్లినవి. ముక్కుసూటి గారి సందేహమే సరైనది.”

కింద నా సంతకం పెట్టాను.

బావ

*

ప్రెస్సు వెనక గది,
అచ్చు వేయకుండా ఆగిన రోజు

బావా,

కాగితం నా ముందు ఉంది. చెయ్యి రావడం లేదు. నియమం నీకు గుర్తులేదా? ఒక్క అబద్ధం దొరికితే ఆ మనిషి అంతకుముందు పంపినవన్నీ కొట్టివేత. అది రాసింది నువ్వే, మినహాయింపు పెడదామంటే నామీద ఎగిరిందీ నువ్వే. నువ్వు వయసంతా చూసి రాసిన ఇంజన్ల జాబితా పోతుంది బావా. ఆ పాత డీజిల్‌తో సహా. అది పోయాక నువ్వు చూశానన్నా నమ్మేవాడు ఉండడు.

ముక్కుసూటి నేనేనని వేస్తాను. నీ పరువు కొంతైనా మిగులుతుంది.

బావమరిది

*

రైలుకట్ట పక్క మేడ,
వెంటనే

ముక్కుసూటి నువ్వేనని తెలిస్తే, బావాబావమరుదులు కలిసి ఆడుతున్న నాటకమని నా మాట కూడా కొట్టిపారేస్తారు. ఆవిడ యార్డులోనే ఉండిపోతుంది. నోరు మూసుకుని ఉండు. నీకు పడిన శిక్ష అదే.

ఆ కూత వినలేదని రాయి.

బావ

*

ప్రెస్సు వెనక గది,
వాన పడ్డ మర్నాడు

బావకి,

విచారణ మూసేశారు. అధికారి మన పత్రికని బల్లమీద నించి తీసి, “రైలుపిచ్చోళ్ళ కోతలు నమ్మి ఇంత దూరం వచ్చామా” అని గుమాస్తాని కోప్పడ్డాడట. ఆవిడకి లైను తిరిగి ఇచ్చారు. ఆ వంపులో నోరు విప్పనని రాయించుకుని మరీ ఇచ్చారు.

నువ్వు అడగలేదు గానీ నేను దాచను. ఉత్తరాలు చాలా వచ్చాయి. నిన్ను పెద్దదిక్కు అనేవాళ్ళే, ఈయన చూశానన్న ఇంజన్లు అసలు ఉన్నాయా అని రాశారు. నీ జాబితా అంతా కొట్టేశాం. పేజీలకి పేజీలు నేనే గీతలు గీశాను, వేరే ఎవరికీ ఇవ్వలేదు. ఇంకో వింత కూడా విను. నిజం బయటపెట్టినందుకు ముక్కుసూటికి బహుమతి ఇవ్వాలని మన చందాదారులు సభ పెట్టి తీర్మానించారు. ఆయన్ని వెతికి పట్టుకునే పని నాకు అప్పగించారు. నేను వేదిక ఎదురుగా కూచుని చప్పట్లు కూడా కొట్టాను.

అక్కని చూడ్డానికి రావాలని ఉంది. ఏ ముఖం పెట్టుకుని రాను?

బావమరిది

*

రైలుకట్ట పక్క మేడ,
సాయంత్రం

చిరంజీవి అచ్చుతప్పుకి,

ఉన్న ముఖమే పెట్టుకుని రా. నేనూ దాంతోనే తిరుగుతున్నాను. కొట్లో కళ్ళద్దాలు సరిచూసుకునేవాళ్ళు కొందరు, నేను అంకె చెప్తే పక్కవాణ్ణి అడిగి రూఢి చేసుకుంటున్నారు. పత్రిక గొడవ వీధిదాకా వచ్చింది మరి.

మీ అక్కకి అంతా చెప్పాను. స్పీకరు సంగతి, నంబరు సంగతి, నీ సంగతి, నంబరు కింద ఉంటుందండి అన్న సంగతి. మొదలుపెట్టేటప్పుడు గోడవైపు తిరిగి ఉంది. చివరికొచ్చేసరికి ఇటు తిరిగింది. ఏమనుకుందో తెలియదు. పాలు ఇస్తే తాగింది.

ఇవాళ ఆవిడ బండి తెచ్చింది. నేను మేడెక్కలేదు. మంచం పక్కన నిలబడ్డాను. కూత లేదు, ఇక ఉండదు కూడా. బండి వంపు తిరగకముందే మీ అక్క చెయ్యి లేచింది. ఇంజన్ కిటికీలోంచి ఆవిడ ఒళ్ళంతా వంచి బయటికి చూసింది. ముఖం కనిపించింది రా. నా మేడ కింద ఇన్నాళ్ళు తిరిగిన ముఖం. చెయ్యి ఎత్తి ఊపింది. మీ అక్కకి ఊపింది. తరవాత ఆ పక్కనే ఉన్న నన్ను చూసింది. నేను చటుక్కున కర్ర బీరువా చాటుకి తప్పుకున్నాను.

మీ అక్క ఎడమచేత్తో నా చొక్కా అంచు పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం ఉందని నాకు తెలియదు. పట్టుకుని కిటికీ వైపు లాగింది. అప్పటికే బండి వెళ్ళిపోయింది. అయినా వదలలేదు. రేపు తప్పించుకోనివ్వదు.

ఈసారి ఏ ఇంజన్ వచ్చిందని అడుగుతావు. చూడలేదు.

బావ